పర్మిట్ వచ్చి మూడు నెలలైంది, పునాది మాత్రం పడలేదు (ఆల్టడీనా)

లేక్‌అవెన్యూ_పడమర | 8 ఫిబ్రవరి 2026

అందరికీ నమస్కారం. ఇక్కడ నాలుగేళ్లుగా చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. 2025 జనవరి 7 రాత్రి మొదలైన ఈటన్ ఫైర్ అనే కార్చిచ్చులో మా ఇల్లు పోయింది. లాస్ ఏంజెలెస్ పక్కన ఆల్టడీనాలో, లేక్ అవెన్యూకి పడమటి వైపు ఉండేవాళ్లం. మా వైపు ఖాళీ చేయమని ఆర్డర్ వచ్చేసరికి తెల్లవారుజామున మూడు దాటింది, మేం అప్పటికే పొగ వాసనకి భయపడి పాపని తీసుకుని బయటపడ్డాం కాబట్టి ఈ రోజు ఇలా రాయగలుగుతున్నా. ఆ మంటల్లో చనిపోయిన 19 మందిలో దాదాపు అందరూ మా పడమటి వైపు వాళ్లే.

ఇక అసలు విషయం. జనవరి ఆఖర్లో ట్రంప్ సంతకం చేసిన ఆర్డర్ చూసే ఉంటారు, పర్మిట్ల ఆలస్యం వల్లే లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లు లేవట్లేదు కాబట్టి రాష్ట్రం, కౌంటీల అనుమతులు పక్కనపెట్టి, అంతా నిబంధనల ప్రకారమే ఉందని బిల్డరే సెల్ఫ్ సర్టిఫై చేసుకునేలా రూల్స్ తెమ్మని. అప్పటినుంచి ఇండియా నుంచి ఫోన్ చేసే ప్రతివాళ్లూ "ఇంక మీ ఇల్లు తొందరగా అయిపోతుందిగా" అంటున్నారు. నా పర్మిట్ నవంబర్‌లోనే వచ్చేసింది! కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. స్థలంలో మాత్రం గడ్డి మోకాలెత్తు పెరిగింది.

లెక్క ఇదీ. 1,720 చదరపు అడుగుల ఇల్లు, 1940ల్లో కట్టింది. ఇన్సూరెన్స్‌లో ఇంటి లిమిట్ 6.4 లక్షల డాలర్లు, ఖర్చు లిమిట్ దాటితే అదనంగా ఇచ్చే ఎక్స్‌టెండెడ్ 25 శాతం, అంటే మొత్తం 8 లక్షలు. ముగ్గురు కాంట్రాక్టర్లని అడిగితే అన్నిటికన్నా తక్కువ ఎస్టిమేట్ 10.9 లక్షలు. లేని ఇంటికి ఇప్పటికీ నెలనెలా ఈఎంఐ కడుతున్నా. ఇన్సూరెన్స్ వాళ్లిచ్చే అద్దె డబ్బులు ఆగస్టుతో అయిపోతాయి. ఈ మధ్యలో ఏదో ఎల్‌ఎల్‌సీ కంపెనీ పేరుతో స్థలానికి 5.2 లక్షలు ఇస్తాం అని వారానికో ఉత్తరం.

కట్టాలా, అమ్మేసి వెళ్లిపోవాలా? ఇలాంటిది ఎవరైనా దాటి వచ్చారా?

ఉప్పుచేప | 8 ఫిబ్రవరి

సారీ బ్రో, చాలా బాధగా ఉంది. కానీ ఒక మాట, పర్మిట్ నీకు నవంబర్‌లో వచ్చింది అంటున్నావ్, కాలింది జనవరిలో. పది నెలలు! దాన్ని స్పీడ్ అంటారా? కాలిన 16 వేల పైచిలుకు కట్టడాల్లో ఏడాది దాటాక పర్మిట్ చేతికొచ్చినవి ఎన్ని? ఫోటోలు, ప్రెస్ మీట్లు తప్ప గవర్నర్ న్యూసమ్, లాస్ ఏంజెలెస్ మేయర్ కరెన్ బాస్ చేసిందేంటి? ఫెడరల్ వాళ్లు దిగితేనే గానీ వీళ్లు కదలరు.

బీమ్‌కాలమ్ | 8 ఫిబ్రవరి

నేను ఆరెంజ్ కౌంటీలో స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని, ఆల్టడీనాలో నాలుగు, అదే సమయంలో ఇంకో మంటల్లో కాలిన పాలిసేడ్స్‌లో రెండు ఇళ్లు ప్రస్తుతం నా టేబుల్ మీదే ఉన్నాయి. కోపం పక్కనపెట్టి చూస్తే ఏం జరిగిందో చెప్తా, కొంచెం పొడుగవుతుంది, టీ పెట్టుకోండి.

మంటలు ఇంకా ఆరకముందే, 2025 జనవరి 12న గవర్నర్ ఆర్డర్ ఇచ్చాడు. కాలిన ఇల్లు మళ్లీ కట్టడానికి పర్యావరణ సమీక్ష అక్కర్లేదు, కోస్టల్ (తీరప్రాంత) చట్టం పర్మిట్ అక్కర్లేదు, పాత ఇంటి సైజు, ఎత్తు 110 శాతం దాటకపోతే చాలు. మర్నాడే మేయర్ ఆర్డర్, నగర శాఖలన్నీ 30 రోజుల్లో రివ్యూ ముగించాలి, అన్ని శాఖలూ ఒకే చోట కూర్చోవాలి. కాలిఫోర్నియాలో పనిచేసేవాళ్లకి తెలుసు ఇది ఎంత పెద్ద మాటో. మామూలు రోజుల్లో తీరప్రాంతంలో కోస్టల్ పర్మిట్ ఒక్కదానికే క్లయింట్ల జుట్టు నెరుస్తుంది.

కానీ రెండు సంగతులు జనానికి సరిగా చెప్పలేదు. మొదటిది, పాలిసేడ్స్ లాస్ ఏంజెలెస్ నగరంలో ఉంది, ఆల్టడీనా నగరం కాదు, కౌంటీ నేరుగా చూసే ప్రాంతం. మేయర్ ఆర్డర్ ఆల్టడీనాకి వర్తించదు. టీవీలో మేయర్‌ని చూసి మా క్లయింట్ ఒకాయన నగరం ఆఫీసుకి వెళ్లి రెండు గంటలు లైన్లో నిలబడి తిరిగొచ్చాడు పాపం. రెండోది, "లైక్ ఫర్ లైక్" (పాతది ఎలా ఉంటే అలాగే) అంటే 1940ల ఇల్లు 1940ల పద్ధతిలో కట్టుకోవచ్చని కాదు. సైజు పాతది, కోడ్ (కట్టడ నిబంధనలు) కొత్తది. మంటల జోన్ నిబంధనలు అలాగే ఉంటాయి, అంటే మంటల్ని బాగా తట్టుకునే క్లాస్ ఏ రూఫ్, నిప్పురవ్వలు దూరని వెంట్లు, టెంపర్డ్ గ్లాస్ కిటికీలు, లోపల స్ప్రింక్లర్లు. భూకంపం లెక్కలు కూడా మొదటినుంచీ వెయ్యాలి. అదంతా తప్పు అనను, అవి లేకపోతే మళ్లీ కాలతాయి. కాకపోతే పాత ఇంటి ధరకి ఈ ఇల్లు రాదు.

@ఉప్పుచేప, పది నెలల్లో పర్మిట్ ఆఫీసు వాటా ఎంతో అడిగావా? మొదటి రెండు నెలలు విషపదార్థాలు ఏరడానికి, తర్వాత ఆర్మీ కోర్ (సైన్యం ఇంజినీరింగ్ విభాగం) శిథిలాలు ఎత్తడానికి. నాలుగు నెలలు ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు దొరక్క. అందులో నేనూ దోషినే, ఫోన్లు ఎత్తలేకపోయా.

లేక్‌అవెన్యూ_పడమర | 8 ఫిబ్రవరి

బీమ్‌కాలమ్ గారూ, కరెక్ట్. మా ప్లాన్ కౌంటీలో ఉన్నది కరెక్షన్లతో కలిపి రెండున్నర నెలలే. శిథిలాలు జూన్ మొదట్లో ఎత్తారు. డిజైనర్ దొరికేసరికి ఆగస్టు.

శిథిలాలంటే గుర్తొచ్చింది. ఎత్తకముందు ఒకసారి మాస్కులు వేసుకుని వెళ్లాం. మా అమ్మ నా పెళ్లికి ఇచ్చిన ఇత్తడి కుందులు రెండూ కరిగి ఒకే ముద్దయ్యాయి. అది మాత్రం తెచ్చుకున్నాం.

శాక్రమెంటోసోంబేరి | 9 ఫిబ్రవరి

అన్నా, చదువుతుంటే మనసు అదోలా అయిపోయింది.

నేను 2019లో, ఇలాగే కాలిపోయిన ప్యారడైజ్ అనే ఊళ్లో వాలంటీరుగా నాలుగు వారాంతాలు పనిచేశా. ఆ మంటల పేరు క్యాంప్ ఫైర్, 2018 నవంబర్ 8, 85 మంది పోయారు, 18 వేలకు పైగా కట్టడాలు. అక్కడ కూడా ప్రత్యేకంగా పర్మిట్ సెంటర్ పెట్టారు, కౌంటర్లో మనుషులు చాలా మర్యాదగా ఉండేవాళ్లు. కానీ ఊరి నీళ్ల పైపుల్లో బెంజీన్ అనే విషరసాయనం తేలింది. నీళ్లు తాగలేని ఊళ్లో పర్మిట్ ఏం చేసుకుంటారు? 26 వేల మంది ఉండే ఊళ్లో ఇప్పటికీ సగం కూడా తిరిగిరాలేదు. ఇల్లు కట్టినవాళ్లు కూడా చుట్టూ ఖాళీ స్థలాలే, స్కూలుకి పిల్లలు లేరు, కిరాణా కొట్టు లేదు.

అందుకే నేనడిగేది, మీ వీధిలో ఎంతమంది కడుతున్నారు? అది చూసి నిర్ణయం తీసుకో.

పక్కదారి అనుకోకపోతే ఇంకోటి. మాది పశ్చిమ గోదావరి. చిన్నప్పుడు ఎండాకాలంలో పూరిళ్లు అంటుకుంటే వరసకి వరస బూడిదయ్యేది. మర్నాడు ఎమ్మార్వో వచ్చి బియ్యం, కొంచెం డబ్బు ఇచ్చి రాసుకుని వెళ్లేవాడు. ఊళ్లోవాళ్లు తాటాకులు కొట్టి, వాసాలు మోసుకొచ్చి రెండు వారాల్లో ఇళ్లు లేపేవాళ్లు. "పక్కా ఇల్లు శాంక్షన్ అవుతుంది, ఆగండి" అని ఆగినవాళ్లు మాత్రం బడి అరుగు మీదే వానాకాలం చూశారు. తాటాకిల్లు మళ్లీ కాలేది, అదీ నిజమే.

గచ్చిబౌలి_గోడ | 9 ఫిబ్రవరి

హైదరాబాద్ నుంచి. నేను ఆర్కిటెక్ట్‌ని, అమెరికా చట్టాలు నాకు తెలియవు కానీ సెల్ఫ్ సర్టిఫికేషన్ గురించి మాత్రం మాట్లాడగలను, 2020 నుంచి దాంతోనే బతుకుతున్నాం. బీపాస్ (తెలంగాణలో ఇళ్ల అనుమతుల ఆన్‌లైన్ పద్ధతి) వచ్చాక 75 గజాల్లోపు స్థలానికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా మన ప్రకటన మీదే వెంటనే అప్రూవల్, ఆపైన 21 రోజులు. టౌన్ ప్లానింగ్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగే రోజులు చాలావరకు పోయాయి, ఒప్పుకోవాలి.

కానీ సెల్ఫ్ సర్టిఫికేషన్ అంటే తప్పు నీ నెత్తిన అని అర్థం. ఆఫీసు తర్వాత తనిఖీకి వస్తుంది. సెట్‌బ్యాక్ (హద్దు నుంచి వదలాల్సిన ఖాళీ) అడుగు తగ్గిందంటే నోటీసు, కూల్చివేత దాకా వెళ్తుంది. మా క్లయింట్లలో సగం మంది పత్రం రాగానే అంతా అయిపోయిందనుకుంటారు. మీ దగ్గర మంటల జోన్‌లో ఇల్లు సెల్ఫ్ సర్టిఫై చేసి కట్టాక దానికి ఇన్సూరెన్స్ ఎవరిస్తారు? బ్యాంకు ఏమంటుంది? ముందు అది కనుక్కోండి.

ఉప్పుచేప | 9 ఫిబ్రవరి

ఇండియాతో పోలికేంటి అన్నా, ఇక్కడ లైసెన్స్ పోతుందన్న భయం ఉంటుంది. కొంపదీసి అందరూ కలిసి గవర్నమెంట్ ఆఫీసుని వెనకేసుకొస్తున్నారేంటి?

బీమ్‌కాలమ్ | 9 ఫిబ్రవరి

ఎవరూ వెనకేసుకు రావట్లేదు. ఆలస్యాలు నిజంగానే ఉన్నాయి. ఒకే కౌంటర్ అన్నారు, కౌంటర్ ఒకటే, దాని వెనక ఫైర్ వాళ్లు, పబ్లిక్ వర్క్స్, ప్లానింగ్, హెల్త్ అందరూ ఎవరి కరెక్షన్ వాళ్లే రాస్తారు. నిరుడు ఒక ప్రాజెక్టులో ఒక శాఖ ముందుకి జరపమన్న గోడని ఇంకో శాఖ వెనక్కి జరపమంది. మూడు వారాలు ఆ గోడ అటూ ఇటూ నడిచింది.

అయితే సెల్ఫ్ సర్టిఫికేషన్ ఫెడరల్ వాళ్లు కనిపెట్టింది కాదు. కౌంటీ నిరుడే లైసెన్స్ ఉన్న ఆర్కిటెక్టులకి పైలట్ మొదలుపెట్టింది. 2025 ఏప్రిల్ ఆఖర్లో ఏఐ సాఫ్ట్‌వేర్ ఒకటి తెస్తున్నాం అని కూడా ప్రకటించారు, ఆర్కిస్టార్ అని, ప్లాన్ సమర్పించకముందే కోడ్ తప్పులు చూపిస్తుంది. పనికొస్తుంది, కాదనను. సెట్‌బ్యాకులు, ఎత్తులు టక్కున పట్టుకుంటుంది. మట్టి రిపోర్టు చదివి పునాది ఎలా వెయ్యాలో మాత్రం అది చెప్పదు. ఇంకా, ఆఫీసు నెల దాటించి నానిస్తే బయటి ప్రైవేటు ఇంజినీరుతో ప్లాన్ చెక్ చేయించుకోవచ్చని రాష్ట్రం నిరుడు చట్టం కూడా చేసింది.

ఇన్ని దారులు తెరిచినా మా క్లయింట్లలో పర్మిట్ చేతిలో ఉండి కట్టనివాళ్లే ఎక్కువ, కట్టడానికి సిద్ధంగా ఉండి పర్మిట్ రానివాళ్లు తక్కువ. ఆరుగురిలో నలుగురు అంతే. ఆ నలుగురికీ ఏ ఆర్డర్ వచ్చినా ఒకటే.

ఉప్పుచేప | 9 ఫిబ్రవరి

సరే, మరి ఆ డబ్బు ఎవరివ్వాలి? మా ట్యాక్సులేనా? కొండ పక్కన ఇళ్లు కొనుక్కున్నది వాళ్లు

మోడరేటర్ | 9 ఫిబ్రవరి

ఉప్పుచేప గారూ, ఇల్లు పోగొట్టుకున్న మనిషి మొదలుపెట్టిన చర్చలో ఉన్నాం. మాట చూసుకోండి. రాజకీయం కావాలంటే దానికి వేరే విభాగం ఉంది.

పాలసీబాబాయ్ | 10 ఫిబ్రవరి

బాబూ పడమర, నేను 22 ఏళ్లు ఇన్సూరెన్స్ క్లెయిముల్లో పనిచేసి రిటైరయ్యాను. పర్మిట్ల గొడవ వాళ్లు చూసుకుంటారు, నువ్వు పాలసీ కాగితాలు బయటకి తీసి ఇవి చూడు.

కొత్త నిబంధనల వల్ల పెరిగే ఖర్చుకి కోడ్ అప్‌గ్రేడ్ అని వేరే కవరేజీ ఉంటుంది, చాలామందికి ఇంటి లిమిట్ మీద 10 శాతం. స్ప్రింక్లర్లు, కొత్త కిటికీలు, వెంట్లు ఇవన్నీ దాంట్లో అడగాలి, ఇంటి ఖర్చులో కలిపేస్తే నీకే నష్టం. కాంట్రాక్టర్ చేత ఎస్టిమేట్ విడగొట్టించు.

అద్దె కవరేజీకి చట్టం ప్రకారం కనీసం 24 నెలల గడువు, నీ చేతిలో లేని కారణాల వల్ల ఆలస్యమైతే 36 దాకా పొడిగించాలి. కానీ అది కాలం సంగతి, డబ్బు లిమిట్ అయిపోతే గడువు ఉన్నా లాభం లేదు. ఆగస్టుతో అయిపోయేది కాలమా, డబ్బా? అది తేల్చు.

ఈఎంఐ గురించి. మంటల బాధితులకి మొత్తం 12 నెలల దాకా వాయిదా ఇచ్చే చట్టం నిరుడు వచ్చింది, బ్యాంకుకి రాతపూర్వకంగా పెట్టు, ఫోన్లో అడిగితే ఒకరు అవునంటారు ఒకరు కాదంటారు. క్లెయిమ్ చెక్కు నీ పేరూ బ్యాంకు పేరూ కలిపి వస్తుంది కదా, ఆ డబ్బు బ్యాంకు దగ్గరే ఉండి పని జరిగినకొద్దీ విడతలుగా వదుల్తారు. మొదటి విడత ఎప్పుడో తెలుసుకోకుండా కాంట్రాక్టర్‌తో సంతకం పెట్టకు.

ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఎస్‌బీఏ లోన్ సొంతింటికి 5 లక్షల డాలర్ల దాకా ఉంటుంది, అది అప్పే, ఊరికే వచ్చేది కాదు. ఈటన్ మంటల మీద కేసులు ఎదుర్కొంటున్న విద్యుత్ కంపెనీ నిరుడు పరిహారం ప్రోగ్రాం తెరిచింది కదా, అందులో డబ్బు తీసుకుంటే కోర్టుకి వెళ్లే హక్కు వదులుకున్నట్టే. లాయర్‌కి చూపించకుండా అక్కడ వేలు పెట్టకు.

ఇంకోటి, అమ్మేసి వేరే చోట కొనుక్కున్నా రీప్లేస్‌మెంట్ (పాతదాని బదులు కొత్త ఇంటి) డబ్బు వస్తుంది, ఆ కొత్త ఇంటి స్థలం విలువ తగ్గించకూడదని కాలిఫోర్నియా చట్టం. క్లెయిమ్ లెక్క కట్టే అడ్జస్టర్ తనంతట తాను ఈ ముక్క చెప్పడు.

లేక్‌అవెన్యూ_పడమర | 10 ఫిబ్రవరి

బాబాయ్ గారూ, మీరు చెప్పాక రాత్రంతా పాలసీ చదివా. కోడ్ అప్‌గ్రేడ్ 10 శాతం ఉంది! 64 వేలు. ఏడాదిగా ముగ్గురు అడ్జస్టర్లు మారారు, ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. ఆగస్టుతో అయిపోయేది డబ్బే, కాలం కాదు. ఇంకా 2.26 లక్షలు తక్కువ. కోపం వచ్చింది, కొంచెం ఊపిరీ ఆడింది.

మట్టి గురించి కూడా అడగాలి. ఆర్మీ కోర్ వాళ్లు శిథిలాల కింద ఆరంగుళాల మట్టి తీసి వెళ్లిపోయారు. తర్వాత పరీక్ష చేయమంటే ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) ఒప్పుకోలేదు. ఇదివరకటి మంటల్లో చేసేవాళ్లట. ఆల్టడీనాలో సీసం ఎక్కువుందని కౌంటీ పరీక్షల్లోనే తేలింది. పాపకి పదేళ్లు. మా ఆవిడ అడిగేది ఇదొక్కటే, "తొందరగా కట్టి ఆ మట్టిలోకి తీసుకెళ్తావా?"

కొలరాడోకోడలు | 10 ఫిబ్రవరి

మీ ఆవిడని ఒకసారి నాతో మాట్లాడమనండి అన్నయ్యా, మెసేజ్ చేస్తా. నేనూ అదే ప్రశ్నతో ఆరు నెలలు నిద్రపోలేదు.

మాది కొలరాడోలో సుపీరియర్ అనే ఊరు. మార్షల్ ఫైర్, 2021 డిసెంబర్ 30, ఒక్క మధ్యాహ్నంలో 1,084 ఇళ్లు. క్రిస్మస్ సెలవుల్లో మేం గుంటూరులో ఉన్నాం, మా ఇల్లు కాలడం వాట్సాప్ వీడియోలో చూశాం. మాకూ తక్కువ ఇన్సూరెన్సే. పూర్తి ఖర్చు ఎంతైనా ఇస్తాం అనే గ్యారంటీ పాలసీలు అక్కడ పదింట ఒకటి కూడా లేవని తర్వాత రాష్ట్రం లెక్క తేల్చింది.

మట్టి సంగతి ముందు. ఇల్లు కట్టకముందే సొంత డబ్బుతో పరీక్ష చేయించండి, నాలుగు మూలల్లోనూ, పిల్ల ఆడుకునే చోటా. మీ దగ్గర యూఎస్‌సీ యూనివర్సిటీ వాళ్లు సీసం పరీక్ష ఉచితంగా చేశారని మా కజిన్ చెప్పింది, ఇంకా ఉందేమో చూడండి. ఎక్కువొస్తే తవ్వి కొత్త మట్టి వేయించడం ఇప్పుడు తేలిక, పునాది పడ్డాక నరకం.

డబ్బు మాకు ఎక్కడ కలిసొచ్చిందంటే, మా వీధిలో ఏడు కుటుంబాలం కలిసి ఒకే బిల్డర్‌ని పట్టుకున్నాం. మూడు ప్లాన్లే, అందులోనే ఎంచుకోవాలి. ఒకే ఇంజినీరు, ఒకే కాంక్రీటు ఆర్డరు, ఒకే కిటికీల లోడు. విడివిడిగా అడిగినప్పటికన్నా చదరపు అడుగుకి బాగా తగ్గింది. కొట్టుకున్నాం కూడా, ఒకావిడ కిచెన్ అటు తిప్పమని నెలరోజులు అందర్నీ ఆపింది (నేను కాదు). 2017 టబ్స్ ఫైర్ తర్వాత శాంటా రోసాలో కాఫీ పార్క్ అంత తొందరగా లేచింది కూడా ఇలాగే అని విన్నాం, అక్కడ బిల్డర్లు వీధులకు వీధులు తీసుకున్నారు.

మా పక్క ఊరు లూయివిల్‌లో కొత్త ఎనర్జీ కోడ్ (ఇంధనం ఆదా నిబంధనలు) మంటలకి ముందే పెట్టారు. బాధితులు గొడవ చేస్తే వాళ్లకి పాత కోడ్ సరిపోతుందన్నారు. చాలామంది చివరికి కొత్త పద్ధతిలోనే కట్టుకున్నారు, రాయితీలు ఇచ్చాక. నిబంధన సడలించినప్పటికన్నా డబ్బు చేతిలో పడినప్పుడే జనం కదిలారు అని నాకనిపించింది.

బీమ్‌కాలమ్ | 11 ఫిబ్రవరి

కోడలు గారు నేను చెప్పాల్సింది చెప్పేశారు. ఆల్టడీనాలో ఫుట్‌హిల్ కేటలాగ్ అని ఉంది, స్థానిక ఆర్కిటెక్టులు మొదలుపెట్టింది, ఆ ఊరి పాత ఇళ్ల పోలికలోనే ముందే ఆమోదం పొందిన ప్లాన్లు. ప్లాన్ చెక్‌లో ఇంటి డిజైన్ మళ్లీ మొదటినుంచీ చూడక్కర్లేదు, మీ స్థలానికి సంబంధించినవి చూస్తారు. కాకపోతే మీకు ఉన్న పర్మిట్ పక్కనపెట్టి కొత్తది తీసుకోవాలి. మనసొప్పుతుందా?

శాక్రమెంటోసోంబేరి | 11 ఫిబ్రవరి

హహ, పది నెలలు ఎదురుచూసిన పర్మిట్‌ని ఫ్రిజ్ మీదే వదిలెయ్యాలన్నమాట.

లేక్‌అవెన్యూ_పడమర | 1 మార్చి

అప్‌డేట్. మూడు వారాలు కనపడలేదు, క్షమించాలి.

వీధిలో తలుపు తట్టడానికి తలుపుల్లేవు కాబట్టి పాత వాట్సాప్ గ్రూపులో పెట్టా. పద్నాలుగు ఇళ్లల్లో మూడు స్థలాలు అమ్ముడైపోయాయి, కొన్నది ఎవరో మాకెవరికీ తెలియదు. ఇద్దరు కడుతున్నారు. మిగిలినవాళ్లది నాలాంటి లెక్కే. ఎదురింటి పెద్దావిడ, 50 ఏళ్లుగా అక్కడే ఉన్నారు, ఇల్లు అప్పు ఎప్పుడో తీరిపోయింది, అందుకే ఇన్సూరెన్స్ అడిగేవాళ్లు లేక ఆపేశారట. ఆవిడకి ఏ ఆర్డరూ ఏ లోనూ పనికిరావట్లేదు. స్వచ్ఛంద సంస్థల దగ్గర పేరు రాయించాం.

నలుగురం కేటలాగ్ ప్లాన్లకి ఒప్పుకున్నాం. ఒకే బిల్డర్. నాది 1,300 అడుగుల ప్లాన్, ఎస్టిమేట్ 7.3 లక్షలు, అంటే పాలసీలోనే సరిపోతుంది. గవర్నర్ 110 శాతం ఇచ్చాడు, నేను 76 శాతం కట్టుకుంటున్నా! చట్టం ఇచ్చిన గడువులోపు కడితే పాత ప్రాపర్టీ ట్యాక్స్ విలువే ఉంటుందని బాబాయ్ గారు మెసేజ్‌లో చెప్పారు, అదొక ధైర్యం.

మట్టి పరీక్షలో వెనక పెరడు మూల సీసం ఎక్కువొచ్చింది. అక్కడ అడుగున్నర తవ్విస్తున్నాం, సొంత ఖర్చు. మా ఆవిడ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నిన్న కిచెన్ కిటికీ ఎటుండాలో అడిగింది.

ఉప్పుచేప | 1 మార్చి

బ్రో, మొన్న నేను రాసింది తప్పే. ఆ పెద్దావిడకి ఫండ్ ఏదైనా పెడితే లింక్ పెట్టు, నేను వేస్తా. పర్మిట్ల విషయంలో మాత్రం నా మాట నాదే.

కొలరాడోకోడలు | 1 మార్చి

కిటికీ అడిగిందంటే ఒప్పుకున్నట్టే అన్నయ్యా :)

శంకుస్థాపన ఎప్పుడు? మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, మా అత్తగారు ఇప్పుడే క్యాలెండర్ తీశారు. అది మొదలవకముందే పెట్టుకోండి.

లేక్‌అవెన్యూ_పడమర | 2 మార్చి

పంతులుగారు ఏప్రిల్ ఆఖరు వారం అన్నారు. కొత్త పర్మిట్‌కి ఫైల్ శుక్రవారం పెడుతున్నాం. ఏది ముందొస్తుందో చూడాలి.

గచ్చిబౌలి_గోడ | 2 మార్చి

ప్లాన్ పీడీఎఫ్ ఉంటే పంపండి, ఊరికే ఒకసారి చూస్తా. మెట్లు ఏ మూల ఉన్నాయి?